నివాసితులు లేని ఇంట్లో మేం ముగ్గురం

గృహవిద్యుత్ నమోదు పుస్తకం. పందిరిపట్నం, ఏడవ వరుస, కుళాయి నుంచి రెండవ ఇల్లు.
గృహవిద్యుత్ బాధ్యుడు: ఓబుళేశు, ఎం.ఏ.
నివాసితులు: బాధ్యుడు, బాధ్యుడి భార్య హంపమ్మ, బాధ్యుడి జేజి (నాయనమ్మ) తిమ్మక్క.

నమోదు 41

ఈ నెల కూడా ఇంటి వినియోగం మొదటి మెట్టు దాటలేదని సంతోషంతో నమోదు చేస్తున్నాను. మొదటి మెట్టుకు బిల్లు ఉండదు. గత నెలా లేదు, అంతకు ముందు నెలా లేదు.

ఈ ఘనత వంతుగదిది. కాలువ నీళ్లను వంతులవారీగా పొలాలకు పెట్టుకున్నవాళ్ల మనవలం కనుక, కరెంటును కూడా వంతుల్లో పెట్టుకోవచ్చునని మా వరుసకు ఎవరూ నేర్పవలసిన అవసరం రాలేదు. ఎండ ముదిరిందని మధ్యాహ్నపు సంకు ఊదగానే నాలుగిళ్లవాళ్లమూ ఒకే ఇంట్లో, కరెంటుతో చల్లబరిచే చలిగదిలో కూర్చుంటాం. వంట, ఇస్త్రీ, పిల్లల చదువు, పెద్దల కునుకు అన్నీ అక్కడే. ఆ నెల ఆ ఇంటి మీటరు ఒక్కటే తిరుగుతుంది. దాని బిల్లును నలుగురం పంచుకుంటాం. నాలుగు మీటర్లు వేరువేరుగా తిరిగినప్పుడు వచ్చేదానిలో అది సగం కూడా ఉండదు.

మా ఇంటికి మాత్రం వంతు రాదు. మా చలిగది తలుపు పూర్తిగా మూసుకోదు. అరచెయ్యి దూరేంత సందు ఉంటుంది. మా ఇంట్లో కూర్చుంటే వీధికి చలి పెట్టినట్టవుతుందని వరుస తీర్మానించింది. కాబట్టి మేం ఎప్పుడూ వెళ్లేవాళ్లమే. ఈ నెల వంతు పక్కింటి ఖాజాబీది.

"నీ మీటరుకు బూజు పట్టిందన్నా," అంది ఖాజాబీ, చింతాకు పప్పు తిరగమోత వేస్తూ. "ఒగసారి తుడుచుకో. లేకపోతే సాలీడు కాపురం పెడతాది."

జేజి గోడ వార తన మూలలో కూర్చుని, "సాలీడన్నా పెట్టనీలే, మనిషి అలికిడి ఉంటాది," అంది.

అందరం నవ్వాం.

నమోదు 42

గోడ మీటరుపై ఉదయం ఒక ప్రకటన వెలువడింది. యథాతథంగా:

"ఈ గృహమున నివాసితులు లేరని నిర్ధారించడమైనది. మానవ కనీసమునకు దిగువన మూడు నెలలు నడిచిన గృహములు ఖాళీ గృహములుగా పరిగణింపబడును. రాబోవు అమావాస్య నాడు తీగ తొలగించబడును."

నేను రెండుసార్లు చదివాను. హంపమ్మను పిలిచి చదివించాను. ఆమె చదివి, ఇల్లంతా ఒకసారి కలియజూసి, "మరి మనమెవురం?" అని అడిగింది. ఆ ప్రశ్న పరిశీలనలో ఉంది.

మానవ కనీసం అంటే ఒక మనిషి బతకడానికి తప్పనిసరి అని విద్యుత్ మండలి నిర్ణయించిన వాడకం. అంతకంటే తక్కువ వాడేవాడు మనిషి కాడు, లేదా లేడు. ఈ రెండింటిలో మేం ఏ కోవలోకి వస్తామో ప్రకటనలో స్పష్టత లేదు.

జేజికి విషయం గట్టిగా చెప్పవలసి వచ్చింది. ఆమె విని, "నేనుండానో లేనో వచ్చి చెప్పమను వాణ్ణి. నాకూ తెలుసుకోవాలనే ఉండాది," అంది.

జేజి గుండె గురించి వైద్యుడు చెప్పినది ఇక్కడ నమోదు చేయడం అవసరం. మధ్యాహ్నపు వేడి ఆమెకు పనికిరాదు. చలిగది లేకుండా ఒక్క మధ్యాహ్నం గడిస్తే రెండో మధ్యాహ్నానికి భరోసా లేదన్నాడు. తీగ పోయినా ఖాజాబీ గది ఉంది కదా అని మేం ధైర్యం చెప్పుకున్నాం.

నమోదు 43

నివాస నిర్ధారణ కార్యాలయానికి వెళ్లాను. బల్ల వెనుక గుమాస్తా ఇంటి సంఖ్య అడిగాడు. చెప్పాను.

"అది ఖాళీ కదప్పా."

"నేను అందులోనే ఉంటున్నాను."

"ఎవురు చెప్పినారు?"

"నేనే."

"నువ్వుండావు, సరే. నా ఎదురుగా ఉండావు. ఇంట్లో ఉండావని యాడుంది?"

"వచ్చి చూడండి."

"చూస్తే కనపడతావు. కనపడేటివన్నీ కాపురమున్నట్టేనా? మొన్న ఆరో వరుసలో పోయి చూస్తే మేకలు కనపడినాయి."

అతని తలకు పైన గోడమీద ఒక పటం వేలాడుతోంది. అందులో నేనూ, హంపమ్మా, కుర్చీలో జేజీ ఉన్నాం. కింద 'ఈ ఏటి ఆదర్శ పొదుపు కుటుంబం' అని బంగారు అక్షరాలు. కిందటి వేసవిలో మండలివారే ఇంటికి వచ్చి, మెడలో దండలు వేసి తీసిన ఫొటో. నేను దాన్ని చూపించాను. గుమాస్తా మెడ తిప్పి పటాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు, మళ్లీ పటాన్ని చూశాడు.

"పోలికలుండాయి," అన్నాడు. "కానీ అది వేరే విభాగం."

"పొదుపు చేయమన్నది మీరే కదా?"

"చెయ్యి, ఎవురొద్దన్నారు? చేసేదానికి మనిషుండాల కదా సామీ. ఎవురూ లేని ఇంట్లో పొదుపు ఎవురు చేసినట్టు?"

ఎం.ఏ.లో నాది రాజనీతిశాస్త్రం. ఈ ప్రశ్న ఏ పత్రంలోనూ వచ్చినట్టు గుర్తులేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను. నమస్కారం అతను స్వీకరించాడు. లేని మనిషి పెట్టిన నమస్కారాన్ని ఏ పద్దులో స్వీకరించాడో తెలియదు.

నమోదు 44

ఉండటాన్ని రుజువు చేయడానికి వాడటమే మార్గమని కుటుంబం ఏకగ్రీవంగా నిర్ణయించింది. జేజి ఓటు వేయలేదు.

పొద్దున్నే అన్ని దీపాలూ వేశాను. ఫ్యాన్లు, నీళ్ల మోటారు, పాత గ్రైండరు, సందున్న తలుపుతో సహా చలిగది, అన్నీ నడిపించాను. హంపమ్మ ఒకే చీరను ఇస్త్రీ చేసి, మడత విప్పి, నలిపి, మళ్లీ ఇస్త్రీ చేసింది. గ్రైండరు ఉత్తగా తిరిగితే పాడవుతుందని అందులో నీళ్లు పోసింది. నీళ్లు రుబ్బడం మా ఇంట్లో ఇదే ప్రథమం.

మీటరు కదలడానికి చాలాసేపు మొరాయించింది. జేజి ఒక గదిలోంచి మరో గదికి గోడ పట్టుకుని నడుస్తూ దీపాలు ఆర్పుకుంటూ వచ్చింది. నేను వెనకాలే నడుస్తూ వేసుకుంటూ వచ్చాను.

"బుద్ధుండాదా నీకు? పగటి పూట దీపాలా?"

"మనం ఉన్నామని తెలియాలి జేజీ."

"ఎవురికి? నాకు తెలుసు. హంపమ్మకు తెలుసు. ఖాజాబీకి తెలుసు. ఇంకెవురికి తెలియాల?"

"మీటరుకు."

జేజి మీటరు దగ్గరకు వెళ్లి, కళ్లు చికిలించి, దానివంక చూసింది. "ఏమప్పా," అంది దానితో, "నన్ను గుర్తుపట్టలేదా? నిన్ను ఈ గోడకు కొట్టినప్పుడు మేకులు పట్టుకున్నది నేనే కదా." మీటరు స్పందించలేదు. జేజి అలసిపోయి కూర్చుంది. ఈలోగా ఆమె ఆర్పినవన్నీ మళ్లీ వేశాను.

నమోదు 46

మా కృషికి ఫలితం వచ్చింది. ప్రకటన యథాతథంగా:

"ఖాళీ గృహమున విద్యుత్తు కారుచున్నట్లు గుర్తించడమైనది. తీగ తొలగింపు తేదీలో మార్పు లేదు. కారుటకు బాధ్యులు దొరికినచో చర్య తీసుకొనబడును."

బాధ్యుడు దొరికినచో అన్నారు కనుక నేను దొరకాలా వద్దా అన్నది ఆలోచించవలసి ఉంది. దొరికితే శిక్ష పడుతుంది. కానీ శిక్ష పడాలంటే ముందు నేను ఉన్నట్టు వాళ్లు ఒప్పుకోవాలి. హంపమ్మతో ఈ మాట అంటే, "జైల్లో ఉంటావులే అప్పుడు, ఇంట్లో యాడుంటావు?" అంది. ఆమె తర్కంలో లోపం కనిపించలేదు.

నమోదు 47

పరిస్థితి మారింది. ఖాజాబీ ఇంటి మీద పెద్ద అక్షరాల బోర్డు వేలాడుతోంది. ఒక కుటుంబం వాడజాలనంత కరెంటు వాడుతున్నారు కనుక అది కుటుంబం కాదట, సత్రమట. దారినపోయే ప్రయాణికులను మధ్యాహ్నం చలిగదిలోకి రానివ్వకపోతే ఖాజాబీకి జరిమానా.

సంకు ఊదేసరికి గది నిండిపోయింది. మూటలతో ఒక కుటుంబం, కోళ్లగంపతో ఒక పెద్దమనిషి, ఉప్పు అమ్ముకునేవాళ్లు. జేజి మూలలో ఎవరో కాళ్లు చాపుకుని నిద్రపోతున్నాడు.

"లెయ్యప్పా, అవ్వ కూచునే జాగా అది," అంది ఖాజాబీ.

"నేను దారిన పోయేటోణ్ణి. రూలు నాకే ఉండాది," అన్నాడతను కళ్లు తెరవకుండానే. "అవ్వ యాడికి పోతాంది?"

"యాడికీ పోదు. పక్కిల్లే."

"పక్కింటోళ్లకు రూలు ల్యా."

అతను చెప్పింది నిజమే. సత్రం ప్రయాణికులకే. పొరుగిళ్లవాళ్లు తమ ఇళ్లలో ఉండవలెనని బోర్డు కింది వరుసలో ఉంది. పొరుగిల్లు ఖాళీ అని ఒక విభాగం అంటుంది. ఖాళీ ఇంటివాళ్లు పొరుగువాళ్లేనని మరొక విభాగం అంటుంది. ఈ రెండు విభాగాలూ ఒకే భవనంలో, ఎదురెదురు గదుల్లో ఉన్నాయి.

ఖాజాబీ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా ఇంట్లో అవ్వకు చోటు ల్యాకపోవడమేందన్నా? నేనేం పాపం చేసినా? నాలుగిండ్ల అన్నం ఒక పొయ్యి మీద వండినా, అంతే కదా."

వంతులోని మిగతా రెండిళ్లు తమకూ బోర్డు పడుతుందన్న భయంతో తలుపులు మూసుకున్నాయి. ఇక ఊరుమ్మడి సావడి ఒకటుంది. చల్లగానే ఉంటుంది. కానీ అక్కడ నిలబడాలి. ఊళ్లోని ఇల్లు లేనివాళ్లంతా భుజం భుజం రాసుకుని మధ్యాహ్నమంతా నిలబడే చోటు అది. జేజి అంతసేపు నిలబడలేదు.

జేజిని మా ఇంటికే ఎత్తుకు వచ్చి, మా చలిగదిలో పడుకోబెట్టాం. సందులోంచి చల్లదనం పోతూనే ఉంది, వేడి వస్తూనే ఉంది. ఉన్న ఒక్క దుప్పటి సందుకు చాలక, హంపమ్మ తడిగుడ్డను అడ్డంగా పట్టుకుని నిలబడింది. గుడ్డ ఆరితే తడిపింది. జేజి పెదాలు తెల్లబడ్డాయి. ఒకటి రెండుసార్లు నన్ను మా నాయన పేరు పెట్టి పిలిచింది. నేను పలికాను.

అమావాస్య వచ్చే వారమే.

నమోదు 49

నివాస పరిశీలకుడు మారెప్ప కారుతున్న కరెంటును చూడటానికి వచ్చాడు. మనిషి మంచివాడు. హంపమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు. జేజి మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని, "ఏమవ్వా, ఎట్లుండావు?" అని అడిగాడు.

"నేను ల్యానంట కదప్పా. నువ్వెవురిని అడుగుతాండావు?"

మారెప్ప తలవంచుకున్నాడు. బయటికి వచ్చాక నాతో అన్నాడు: "అవ్వను నేను చూసినా. నా పరికరం చూడలేదు. రాసేది అది."

"మరి తీగ?"

"ఖాళీ ఇంటికి తీగ ఉంచే అధికారం నాకు ల్యా. ఎవురికన్నా ఇల్లు కేటాయిస్తే ఉంటాది."

"అయితే మాకే కేటాయించండి."

"ఇల్లుండేటోళ్లకు ఇయ్యరు సామీ."

"మేం ఇంట్లో లేమని మీరే కదా అన్నది?"

"ఇంట్లో ల్యారు. ఇల్లుండాది. ఆ రెండూ వేరే కదప్పా," అన్నాడు మారెప్ప, చాలా జాలిగా.

నాకు అర్థం కాలేదు. ఆయనకూ అర్థమైనట్టు లేదు. కానీ ఆయన దాన్ని ఎంతోకాలంగా అర్థం చేసుకోకుండానే అమలు చేస్తున్నట్టున్నాడు, నోరు తడబడలేదు.

నమోదు 50

ఈ ఉదయం వాకిట్లో ఒక జంట నిలబడి ఉంది. ఒక ట్రంకు పెట్టె, ఒక టేబులు ఫ్యాను, అమ్మాయి చంకలో పసిబిడ్డ. అతని పేరు లింగరాజు, ఆమె చౌడేశ్వరి. పదో వరుసలో వాళ్ల ఇంటి పైన, ఊరంతటికీ నీడపట్టే పందిరి చిరిగి, దాని పలకలు రాలి, ఎండ నేరుగా పడుతోందట. బిడ్డ వీపంతా చెమటకాయలు.

"ఇది ఖాళీ ఇల్లంట కదా సార్?" అని కేటాయింపు బిళ్ల చూపించాడు లింగరాజు.

"అవును, రండి," అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు.

లోపల హంపమ్మను, మంచం మీద జేజిని చూసి చౌడేశ్వరి గడప దగ్గరే ఆగిపోయింది. భర్త చొక్కా పట్టుకు లాగింది. "మనుషులుండారు. పోదాం పా. ఉండేటోళ్ల ఇంట్లోకి దూరితే మనకు పుట్టగతులుంటాయా?"

అప్పుడే, ఎండకు లోపలికి పొమ్మనే తొలి సంకు ఊదింది.

"యాడికి పోతావే బిడ్డనెత్తుకోని?" అంది జేజి లోపలి నుంచి. గొంతులో బలం లేదు కానీ అధికారం ఉంది. "లోపలికి రా. ఆ పిల్లనిట్లా ఇయ్యి. పేరేమి?"

"ఇంకా పెట్టలేదవ్వా. ఇల్లు దొరికినాక పెడదామని."

"ఇల్లు దొరికింది కదా. పెట్టు మరి."

చౌడేశ్వరి తన బొంతను, హంపమ్మ తన పాత దుప్పటిని కలిపి సందులో దట్టంగా కుక్కారు. ఆ మధ్యాహ్నం మా చలిగది మొదటిసారి చల్లబడింది. జేజి పక్కలో బిడ్డ నిద్రపోయింది. జేజి కూడా నిద్రపోయింది. నేను చాలాసేపు ఆమె ఛాతీ కదలడం చూస్తూ కూర్చున్నాను. అది క్రమం తప్పకుండా కదిలింది.

నమోదు 52

అమావాస్య వచ్చింది, వెళ్లింది. తీగ తీయలేదు. ఇంట్లో మనుషులున్నారు: లింగరాజు, చౌడేశ్వరి, వారి కుమార్తె. మేం ముగ్గురం లేం. అయినా భోజనాలు కలిసే చేస్తున్నాం.

నమోదు 53

మారెప్ప కుళాయి దగ్గర నన్ను పక్కకు పిలిచాడు. రేపు పెద్ద పరిశీలకురాలు వస్తుందట. తలలు లెక్కపెడుతుందట. మానవ కనీసాన్ని తలల సంఖ్యతో హెచ్చవేసి, ఇంటి వాడకంతో సరిచూస్తారట. ఆయన వేలితో గాలిలో రాసి చూపించాడు.

సారాంశం ఇది. ఇంట్లో ఆరుగురుంటే, ఇప్పటి వాడకం ఆరుగురి కనీసానికి తక్కువ. ఇల్లు ఖాళీ అవుతుంది. ఆరుగురికి సరిపడా వాడితే ఒక కుటుంబం పరిమితి దాటుతుంది. ఇల్లు సత్రమవుతుంది, చలిగది మూటలతో నిండుతుంది, జేజికి చోటుండదు. నలుగురైతే ఇల్లు ఇల్లుగా ఉంటుంది.

"లింగరాజుకు ముసలోళ్లెవురూ ల్యారంట," అన్నాడు మారెప్ప, నా ముఖం చూడకుండా. "అవ్వ వాళ్ల జేజిగా ఉంటే ఎవురూ అడగరు. నలుగురు. మీ ఇద్దరూ అతిథులుగా పొద్దు గూకినాక వచ్చిపోవచ్చు. పూట దాటి ఉండకూడదు."

ఇంటికి వచ్చి చెప్పాను. లింగరాజు లేచి నిలబడి, తామే వెళ్లిపోతామన్నాడు. వాళ్లు వెళితే ఇల్లు మళ్లీ ఖాళీ అవుతుందని, ఆ మధ్యాహ్నమే తీగ పోతుందని అతనికి వివరించవలసి వచ్చింది. అతను కూర్చున్నాడు.

"జేజిని వదిలిపెట్టి సావడిలో నిలబడదామా?" అంది హంపమ్మ. "మన జేజిని వాళ్ల జేజి అని చెప్పి?"

నా దగ్గర ఉన్నదల్లా లెక్క. అది ఎటునుంచి వేసినా నాలుగే వస్తోంది.

జేజి బిడ్డ తలకు నూనె రాస్తూ వింటోంది. ఆమెకు సరిగా వినపడదని మేం అనుకుంటూ వచ్చాం. ఈ అంచనాను సవరించవలసి ఉంది.

"మీకు కాళ్లుండాయి," అంది. "నిలబడండి."

నమోదు 54

సంకుకు ముందే హంపమ్మ సావడికి వెళ్లింది. నేనూ ఆమెతో వెళ్లి ఉండవలసింది. జేజి మాత్రలు ఏవి ఎప్పుడో చౌడేశ్వరికి మరోసారి చెప్పి, కుండలో నీళ్లు నింపి మంచం దగ్గర పెడుతుండగా వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ముందు పెద్ద పరిశీలకురాలు, వెనుక మారెప్ప. నన్ను చూసి మారెప్ప పైకప్పును పరిశీలించడం మొదలుపెట్టాడు.

పరిశీలకురాలు మర్యాదస్తురాలు. పరికరాన్ని ఒక్కొక్కరివైపు తిప్పి అడిగింది. లింగరాజు. చౌడేశ్వరి. బిడ్డ పేరడిగితే చౌడేశ్వరి, "తిమ్మక్క," అంది. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

"ఈ పెద్దామె?"

"మా జేజి," అంది చౌడేశ్వరి. బిడ్డ వైపు చూపించింది. "దానికి పెట్టింది ఈమె పేరే."

పరికరం నావైపు తిరిగింది.

"ఈయన?"

నా చేతిలో కుండ మూత ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

జేజి నన్ను చూసింది. చూపు ఆనడానికి ఆమెకు కొంత సమయం పడుతుంది, ఎప్పుడూ అంతే. నా ముఖం మీద ఆ చూపు ఆనింది. అక్కడే ఉంది.

"కుళాయి కాడ కనపడినాడు, పాపం," అంది. "కుండ మొయ్యలేక మా పిల్ల అవస్థ పడతాంటే తెచ్చి దించినాడు."

"మీకేమవుతాడు?"

"ఏమీ కాడు."

పరిశీలకురాలు తల పంకించి, పరికరంలో ఏదో నొక్కింది. నాలుగు అన్న అంకె వెలిగింది. మారెప్ప గట్టిగా ఊపిరి వదిలాడు.

"నీళ్లు తాగినావా?" అని అడిగింది జేజి నన్ను. తాగానన్నాను. తాగలేదు.

"అయితే పోప్పా. ఎండెక్కుతాది. ఎవురి బిడ్డవో ఏమో, మీవోళ్లు ఎదురుచూస్తాంటారు."

"వస్తానమ్మా," అన్నాను.

చెప్పులు వేసుకుని బయటికి నడిచాను. ఇక బయట తిరగకూడదనే రెండో సంకు, నేను దారిలో ఉండగానే ఊదింది. సావడిలో హంపమ్మ నాకోసం నిలబడేంత చోటు పట్టి ఉంచింది. లెక్క సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను. తీగ ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను. జేజి ఏమన్నదని అడిగింది.

"ఎండెక్కుతాది, పొమ్మంది."

హంపమ్మ తన కొంగు తీసి నా చేతికిచ్చి, ముఖం తుడుచుకొమ్మంది. సావడి చల్లగానే ఉంది. ఆమె కొంగు ఎందుకిచ్చిందో నాకు వెంటనే అర్థం కాలేదు.